స్టీవ్ యూ వీసా గొడవ: అసలు ఎక్కడ మొదలైంది?

2025 ఆగస్టు 28న సియోల్ పరిపాలనా కోర్టు ఒక వీసా కేసులో తీర్పు చెప్పింది. లాస్ ఏంజెలెస్‌లోని దక్షిణ కొరియా కాన్సులేట్ ఒక అమెరికా పౌరుడి వీసా దరఖాస్తును తిరస్కరించడం చెల్లదని తేల్చింది. ఆ పౌరుడి పేరు స్టీవ్ యూ. తొంభైల చివర్లో కొరియా కుర్రకారును ఊపేసిన పాప్ గాయకుడు యూ సుంగ్ జున్ ఇతనే. ఇదే వీసా కోసం ఇదే కాన్సులేట్ మీద అతను వేసిన మూడో కేసు ఇది. మొదటి రెండూ సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచాడు. అయినా 2002 ఫిబ్రవరి నుంచి ఇప్పటిదాకా ఒక్కసారి, అదీ మూడు రోజుల కోసం తప్ప, ఆ దేశంలోకి అడుగు పెట్టలేకపోయాడు.

కోర్టులో గెలిచిన ప్రతిసారీ బయటే ఉండిపోవడం విచిత్రంగా కనిపిస్తుంది. ఇది అర్థం కావాలంటే అతని పాటల కాలానికి, అంతకుముందు ఆ దేశంలో సైనిక సేవ చుట్టూ పేరుకున్న కోపానికి వెళ్లాలి.

యూ 1976లో సియోల్‌లో పుట్టాడు. 1989లో కుటుంబం కాలిఫోర్నియాకు వలస వెళ్లింది. అప్పటికే లాస్ ఏంజెలెస్ కొరియన్లకు దాదాపు రెండో ఊరు. అమెరికా 1965లో వలస చట్టం మార్చాక వచ్చిన కుటుంబాలు అక్కడ దుకాణాలు, చర్చిలు, పత్రికలు పెట్టుకుని స్థిరపడ్డాయి. వాళ్ల పిల్లలు ఇంట్లో కొరియన్ మాట్లాడుతూ, బయట నల్లజాతి సంగీతం వింటూ, ఆ డాన్సులు నేర్చుకుంటూ పెరిగారు.

సరిగ్గా ఆ పిల్లలే సియోల్ మ్యూజిక్ కంపెనీలకు కావలసి వచ్చారు. 1992లో సో తైజీ అండ్ బాయ్స్ బృందం ర్యాప్, డాన్స్ కలిపి కొరియా పాటల ముఖచిత్రాన్నే మార్చేసింది. 1996 జనవరిలో ఆ బృందం విరమించుకునేసరికి ఆ రుచి మరిగిన కుర్రాళ్లు లక్షల్లో ఉన్నారు. ఆ సంగీతం ఒంట్లో జీర్ణించుకున్న గాయకులు మాత్రం తక్కువ. అందుకే అమెరికాలో పెరిగిన కొరియన్ పిల్లల్ని వెతికి తెచ్చుకోవడం ఊపందుకుంది. సాలిడ్, అప్‌టౌన్ బృందాలు, ర్యాపర్ టైగర్ జేకే, తర్వాత జీఓడీ బృందంలోని కొందరు, ఇలా ఒక వరసే వచ్చింది. ఈరోజు కె-పాప్ బృందాల్లో ఇంగ్లీషు గడగడా మాట్లాడే ఒకరిద్దరు ఉండటం మామూలైపోయింది కదా, దాని మొదళ్లు అక్కడున్నాయి.

యూ 1997లో ‘వెస్ట్ సైడ్’ ఆల్బమ్‌తో వచ్చాడు. పేరులోనే లాస్ ఏంజెలెస్ ఉంది. అందులో ‘గావి’ పాట పెద్ద హిట్. మరుసటి ఏడాది ‘నా నా నా’, 1999లో ‘యొల్‌జొంగ్’. అతని గొంతు అసాధారణమైనదని చెప్పలేం. ఆకర్షణంతా ఒంటి చురుకుదనంలో ఉండేది. కండలు తిరిగిన శరీరం, గాల్లోకి ఎగిరి తిరిగే డాన్సు, ముఖం నిండా నవ్వు. ఆ పాటలు మార్మోగిన కాలం కూడా గుర్తు పెట్టుకోవాలి. 1997 చివర్లో కొరియా అప్పుల్లో కూరుకుపోయి ఐఎంఎఫ్ ముందు చేయి చాచింది. పెద్ద పెద్ద కంపెనీలు మూతపడ్డాయి, ఉద్యోగాలు పోయాయి. ఇళ్లలో అంత టెన్షన్ ఉన్న రోజుల్లో టీవీలో ఈ కుర్రాడు అలసట ఎరగనట్టు ఎగురుతుండేవాడు.

పైగా చెడు అలవాట్లు లేవు, చర్చికి వెళ్తాడు, పెద్దల్ని గౌరవిస్తాడు అని పేరు. పత్రికలు ‘అందమైన యువకుడు’ అని బిరుదు కూడా ఇచ్చాయి. రూపం కంటే నడతను మెచ్చుకుంటూ ఇచ్చిన బిరుదు అది. తర్వాత జరిగిందంతా ఈ బిరుదు పక్కన పెట్టి చూడాల్సిందే. చిల్లర వేషాలు వేసే గాయకుడు ఎవరైనా అదే పని చేసి ఉంటే నాలుగు రోజులు తిట్టి వదిలేసేవారేమో.

మన దేశంలో సైన్యంలో చేరడం ఎవరిష్టం వాళ్లది. కాబట్టి కొరియన్ల కోపం మనకు ఒక పట్టాన ఎక్కదు. అక్కడ రాజ్యాంగంలోని 39వ అధికరణం దేశ రక్షణను పౌరుల విధిగా చెబుతుంది. ఆచరణలో అది ఆరోగ్యంగా ఉన్న ప్రతి మగవాడి మీదా పడుతుంది. 1950లో మొదలైన కొరియా యుద్ధం 1953 జులైలో కాల్పుల విరమణతో ఆగింది. శాంతి ఒప్పందం ఇప్పటికీ కుదరలేదు. ఉత్తర కొరియా సరిహద్దు సియోల్‌కు యాభై కిలోమీటర్ల దూరంలోపే ఉంది. 2002 నాటికి పదాతి దళంలో చేరిన కుర్రాడు 26 నెలలు బ్యారక్‌లో గడపాలి. చదువు మధ్యలో ఆగుతుంది, ప్రేమలు తెగిపోతాయి. సీనియర్ల చేతిలో దెబ్బలు తినడం అప్పట్లో మామూలు సంగతి.

అందరూ సమానంగా మోస్తే ఇంత బరువైనా జనం భరిస్తారు. అక్కడ అలా జరగలేదు. డబ్బు, పలుకుబడి ఉన్నవాళ్ల పిల్లలు ఏదో ఒక డాక్టర్ సర్టిఫికెట్‌తో తప్పించుకుంటారన్న అనుమానం దశాబ్దాలుగా ఉంది. మినహాయింపు దొరికినవాణ్ని ‘దేవుడి కొడుకు’ అనీ, మామూలుగా సైన్యంలోకి వెళ్లేవాళ్లను ‘చీకటి బిడ్డలు’ అనీ కుర్రాళ్లు ఎగతాళి చేసుకునేవారు. 1997 అధ్యక్ష ఎన్నికల్లో పాలక పక్షం అభ్యర్థి లీ హోయ్ చాంగ్ కొడుకులిద్దరూ బరువు తక్కువన్న కారణంతో సైన్యానికి వెళ్లలేదని బయటపడింది. గెలుస్తాడనుకున్న మనిషి కిమ్ డే జంగ్ చేతిలో రెండు శాతం కూడా లేని తేడాతో ఓడిపోయాడు. కొడుకుల సైనిక సేవ ఒక అధ్యక్ష పదవినే మింగేసిన దేశం అది. యూ మొదటి పాట రేడియోల్లో మోగిందీ ఆ ఏడాదే.

యూకు అమెరికాలో గ్రీన్ కార్డు ఉండేది, పౌరసత్వం మాత్రం కొరియాదే. విదేశాల్లో శాశ్వత నివాసం ఉన్నవాళ్లు సైనిక సేవను వాయిదా వేసుకోవచ్చు. కానీ కొరియాలోనే ఉంటూ అక్కడే సంపాదిస్తుంటే ఆ వెసులుబాటు నిలవదు. కాబట్టి సైన్యం ప్రశ్న అతన్ని ముందునుంచీ వెంటాడింది. వెళ్తానని టీవీలోనూ పత్రికల్లోనూ చెప్పాడు. అమెరికాలో పెరిగిన స్టార్ తప్పించుకునే దారి ఉన్నా వెళ్తానంటున్నాడని జనం మురిసిపోయారు.

2001లో వైద్య పరీక్షలయ్యాయి. వెన్నుపూస డిస్క్ ఆపరేషన్ అయినందువల్ల నాలుగో గ్రేడ్ వచ్చింది. అంటే తుపాకీ పట్టి సరిహద్దులో నిలబడక్కర్లేదు. కొన్ని వారాల శిక్షణ తర్వాత ఏదో ప్రభుత్వ కార్యాలయంలో పగలంతా పనిచేసి సాయంత్రం ఇంటికి వెళ్లొచ్చు. చీకటి బిడ్డల లెక్కలో అది సగం సెలవు. ఆ మాత్రం కూడా చేయలేకపోయాడా అన్నది ఈనాటికీ వినిపించే మాట.

చేరాల్సిన గడువు దగ్గరపడుతుండగా, 2002 జనవరిలో, సైనిక నియామక శాఖ అనుమతి తీసుకుని బయల్దేరాడు. జపాన్‌లో కార్యక్రమం ఉంది, అటునుంచి అమెరికాలో కుటుంబాన్ని చూసి వస్తానన్నాడు. జనవరి 18న లాస్ ఏంజెలెస్‌లో అమెరికా పౌరుడిగా ప్రమాణం చేశాడు. తర్వాత కొరియా కాన్సులేట్‌కు వెళ్లి పాత పౌరసత్వం వదులుకున్నాడు. పౌరసత్వం పోతే సైనిక విధీ పోయినట్టే. తండ్రి, చర్చి పాస్టర్ నచ్చచెప్పడంతో మనసు మార్చుకున్నానని చాలా ఏళ్ల తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకొచ్చాడు.

ఇక్కడ నిక్కచ్చిగా మాట్లాడుకుంటే, అతను ఏ చట్టాన్నీ ఉల్లంఘించలేదు. వేరే దేశ పౌరసత్వం తీసుకోవడం నేరం కాదు. సైనిక వయసులో కొరియా పౌరసత్వం వదులుకునే మగవాళ్లు ఏటా వేలల్లో ఉంటారు. వాళ్లెవరికీ విమానాశ్రయంలో తలుపు మూయలేదు. యూ విషయంలో మాత్రం జనవరి 28న సైనిక నియామక శాఖ న్యాయశాఖకు లేఖ రాసింది. ఇతన్ని మళ్లీ రానిచ్చి పాటలు పాడనిస్తే సైనికుల మనోబలం దెబ్బతింటుంది, కుర్రాళ్లు ఇదే దారి పడతారు అన్నది దాని సారం. వలస నియంత్రణ చట్టం 11వ సెక్షన్ కింద, దేశ ప్రయోజనాలకు చేటు చేసే విదేశీయుల జాబితాలో అతన్ని చేర్చమని కోరింది. ఫిబ్రవరి 1న న్యాయశాఖ సరేనంది. మర్నాడే యూ ఇంచన్ విమానాశ్రయంలో దిగాడు. కొన్ని గంటలు అక్కడే ఆగి, వచ్చిన దారినే అమెరికా విమానం ఎక్కాడు. ఆ దృశ్యాలు దేశమంతా టీవీల్లో చూసింది.

ఆ ఏడాది గాలి కూడా అతనికి ఎదురు తిరిగింది. ఫిబ్రవరిలోనే శీతాకాల ఒలింపిక్స్ స్కేటింగ్‌లో కొరియా ఆటగాణ్ని అనర్హుడని ప్రకటించి అమెరికా ఆటగాడికి స్వర్ణం ఇచ్చారు. జూన్‌లో ప్రపంచకప్ ఫుట్‌బాల్ జోరులో దేశమంతా ఎర్ర చొక్కాలు వేసుకుంది. అదే నెలలో అమెరికా సైనిక వాహనం కింద పడి ఇద్దరు స్కూలు పిల్లలు చనిపోయారు, ఏడాది చివరికి వేలమంది కొవ్వొత్తులతో వీధుల్లోకి వచ్చారు. అమెరికా పాస్‌పోర్టు కోసం మాట తప్పిన గాయకుణ్ని క్షమించడానికి అంతకంటే చెడ్డ ఏడాది దొరకదు.

2003లో కాబోయే మామగారు చనిపోతే అంత్యక్రియల కోసం మూడు రోజులు రానిచ్చారు. పైన చెప్పిన ఒక్కసారి అదే.

తర్వాత అతను చైనా వైపు తిరిగాడు. జాకీ చాన్ సంస్థలో చేరి నటుడయ్యాడు. 2010లో ‘లిటిల్ బిగ్ సోల్జర్’, 2012లో ‘చైనీస్ జోడియాక్’, ఇంకా కొన్ని సినిమాలు, సీరియళ్లు. మొదటి సినిమాలో జాకీ చాన్ వేసింది యుద్ధం తప్పించుకోవడానికి చచ్చినట్టు నటించే సైనికుడి పాత్ర. యూ వేసింది రాకుమారుడి వేషం. పాత్రలు తారుమారు కాకపోవడం అతని అదృష్టం, కొరియా పత్రికలకు శీర్షికలు రెడీగా దొరికేవి. చైనాలో బతుకుతెరువు దొరికింది గానీ, తొంభైలనాటి స్థాయి మళ్లీ రాలేదు.

2015 మే నెలలో హాంకాంగ్ నుంచి ఇంటర్నెట్ ప్రసారంలో కనిపించాడు. మోకాళ్ల మీద కూర్చుని తల వంచి ఏడ్చాడు. ఇప్పటికైనా సైన్యంలో చేరమంటే చేరతానన్నాడు. కొరియన్లు వెంటనే వయసు లెక్కేశారు: 38 నిండాయి. సైన్యం పిలవదని తెలిశాకే ఈ మాటా అని విరుచుకుపడ్డారు. కొన్ని రోజులకు రెండో ప్రసారం చేశాడు. అది అయిపోయిందనుకున్నాక కూడా మైకు ఆన్‌లోనే ఉండిపోయి, అక్కడి సిబ్బంది బూతులు జనానికి వినిపించాయి. కన్నీళ్ల మీద ఎవరికైనా కాస్త జాలి పుట్టి ఉంటే అదీ పోయింది.

ఆ ఆగస్టులోనే లాస్ ఏంజెలెస్ కాన్సులేట్‌లో ఎఫ్-4 వీసాకు దరఖాస్తు పెట్టాడు. విదేశీ పౌరసత్వం తీసుకున్న కొరియన్ మూలాల వారికి ఇచ్చేదిది. అమెరికాలో పిల్లలున్న తెలుగు కుటుంబాలకు ఓసీఐ కార్డు తెలుసు కదా, ఇంచుమించు అలాంటిదే: దేశంలో ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. టూరిస్టుగా రావాలని అడగకుండా సంపాదనకు వీలిచ్చే వీసాయే ఎందుకని విమర్శకులు నిలదీశారు. మామూలు విదేశీయుడికి వీసా హక్కు లేదు గానీ, ఎఫ్-4కు ప్రవాస కొరియన్ల చట్టం ఆధారంగా ఉంటుంది కాబట్టి కోర్టుకు వెళ్లే వీలుందని అతని వైపు వాదన. చట్టపరంగా అది బలమైన సమాధానమే. జనం దాన్ని నమ్మలేదు.

ఆ చట్టంలో ఒక వయసు లెక్క ఉంది. సైనిక సేవ తప్పించుకోవడానికి పౌరసత్వం వదిలినవాళ్లకు కూడా, అప్పటి నిబంధన ప్రకారం 38 దాటాక వీసా ఇవ్వొచ్చు. దేశ భద్రతకో ప్రజా ప్రయోజనానికో హాని ఉంటే తప్ప. తర్వాత ఆ వయసును 41కి పెంచారు. ఈ చిన్న నిబంధన చుట్టూ పదేళ్ల వ్యాజ్యం తిరుగుతోంది.

కాన్సులేట్ వీసా ఇవ్వనంది. రాతపూర్వకంగా కూడా కాదు, అతని తండ్రికి ఫోన్ చేసి చెప్పేసింది. యూ కోర్టుకెళ్లాడు. 2016లో పరిపాలనా కోర్టులో, 2017లో హైకోర్టులో ఓడాడు. 2019 జులై 11న సుప్రీంకోర్టు కథ తిప్పింది. 2002 నిషేధం నిజానికి న్యాయశాఖ తన కంప్యూటర్ జాబితాలో ఎక్కించుకున్న అంతర్గత సమాచారం, అతనికి అధికారికంగా తెలియజేసింది కూడా లేదు. దాన్ని చూపించి కాన్సులేట్ చేతులు దులుపుకుంటే కుదరదు, సొంత విచక్షణతో అన్నీ బేరీజు వేయాలి. దేశం నుంచి బలవంతంగా పంపేసిన విదేశీయుడికే మామూలుగా అయిదేళ్ల నిషేధం ఉంటుంటే, గడువే లేని నిషేధం సబబేనా అన్నది కూడా చూడాలి. కోర్టు చెప్పింది ఇంతే. వీసా ఇమ్మని ఆదేశించలేదు.

తీర్పు వచ్చిన కొద్ది రోజుల్లోనే అతన్ని రానివ్వొద్దంటూ అధ్యక్ష భవనానికి పెట్టిన ఆన్‌లైన్ అర్జీ మీద రెండు లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. 2020 మార్చిలో సుప్రీంకోర్టులో ఆ కేసు పూర్తిగా ముగిసింది. జులైలో కాన్సులేట్ మళ్లీ తిరస్కరించింది. ఈసారి విచక్షణ వాడుకునే తిరస్కరించానంది.

ఆ అక్టోబరులో పార్లమెంటు కమిటీ ముందు విదేశాంగ మంత్రి కాంగ్ క్యుంగ్ హ్వా వీసా ఇవ్వబోమని చెప్పారు. సైనిక నియామక శాఖ అధిపతి మో జోంగ్ హ్వా అయితే యూ సుంగ్ జున్ అనే పేరే పలకనని, అతను స్టీవ్ యూ అనే అమెరికన్ అని అన్నారు. డిసెంబరులో పాలక పక్షం ఎంపీ కిమ్ బ్యుంగ్ జూ ‘యూ సుంగ్ జున్ నిరోధక చట్టం’ పేరుతో బిల్లుల కట్ట తెచ్చారు. యూ తన యూట్యూబ్ ఛానల్లో దాదాపు నలభై నిమిషాలు రుసరుసలాడాడు. ఏడ్చినప్పుడు నమ్మనివాళ్లు అరిచినప్పుడు నమ్ముతారా? పరిస్థితి మరింత బిగుసుకుంది.

రెండో కేసులో 2022లో ఓడి, 2023 జులైలో హైకోర్టులో గెలిచాడు. వయసు పరిమితి దాటిన మనిషికి పాత సైనిక సేవ ఎగవేతనే మళ్లీ చూపించి వీసా నిరాకరించకూడదు, దేశానికి హాని చేసే వేరే ప్రవర్తన ఏదైనా ఉండాలి అన్నారు జడ్జీలు. నవంబరు 30న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 2024 జూన్‌లో కాన్సులేట్ మూడోసారి తిరస్కరించింది. కారణం? 2020 జులై తర్వాతి అతని ప్రవర్తన దేశ ప్రయోజనాలకు హాని చేసేలా ఉందట!

ఈ మూడు తిరస్కరణలనూ వరసగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. కోర్టు ఎత్తి చూపిన ప్రతి లోపాన్నీ కాన్సులేట్ సరిదిద్దుకుంటూ వచ్చింది, నిర్ణయాన్ని మాత్రం మార్చుకోలేదు. విచక్షణ వాడలేదంటే వాడింది. వేరే ప్రవర్తన చూపించమంటే చూపించింది. ప్రతి తీర్పూ తర్వాతి తిరస్కరణ ఎలా రాయాలో నేర్పిన పాఠంలా పనిచేసింది. దీన్ని మొండితనం అనొచ్చు. కానీ ఎన్నికల్లో నెగ్గాల్సిన ఏ ప్రభుత్వమూ ఈ వీసా మీద సంతకం పెట్టి తిట్లు తినాలనుకోదు. ఉదారవాద పార్టీ పాలనలోనూ, సంప్రదాయ పార్టీ పాలనలోనూ జవాబు ఒకటే కావడం దానికి సాక్ష్యం.

ఈలోగా మిగతా గాయకులు అతని ఉదాహరణ చూసి జాగ్రత్తపడ్డారు. తొలి విడత సేవ సరిగా చేయలేదని తేలడంతో సై 2007లో రెండోసారి యూనిఫాం వేసుకున్నాడు. ‘గంగ్నమ్ స్టైల్’ వచ్చింది ఆ తర్వాతే. టూ పీఎం బృందంలోని తేక్యోన్ ఇంకా దూరం వెళ్లాడు. అమెరికా గ్రీన్ కార్డు వదులుకుని, యూకు వచ్చినట్టే డిస్క్ సమస్య వల్ల తేలికపాటి సేవ దొరికే వీలున్నా, ఆపరేషన్ చేయించుకుని మరీ 2017లో సైన్యంలో చేరాడు. ఏడుగురి పాప్ బృందం బీటీఎస్‌కు మినహాయింపు ఇవ్వాలా వద్దా అన్న చర్చ ఏళ్ల తరబడి నడిచింది. ఒలింపిక్ పతకం తెచ్చినవాళ్లకు, శాస్త్రీయ సంగీత పోటీల్లో గెలిచినవాళ్లకు ఇచ్చే వెసులుబాటు పాప్ గాయకులకు ఎందుకివ్వరన్న ప్రశ్న న్యాయమైనదే. చివరికి 2020 సవరణతో 30 ఏళ్ల వయసు దాకా వాయిదా మాత్రం దొరికింది. 2022 డిసెంబరులో జిన్‌తో మొదలుపెట్టి ఏడుగురూ వెళ్లారు, 2025 జూన్ కల్లా అందరూ పూర్తి చేసి వచ్చారు.

ఒక రకంగా 2002లో సైనిక నియామక శాఖ కోరుకున్నది నెరవేరింది. స్టార్లు యూ దారి పట్టలేదు. అయితే ఆ ఫలితం దక్కాక కూడా ఒక మనిషిని జీవితాంతం గుమ్మం బయటే నిలబెట్టాలా అన్నది వేరే ప్రశ్న. నా మటుకు నాకు నిషేధం ఎప్పుడో ఎత్తేయాల్సింది అనిపిస్తుంది. 26 నెలలు బ్యారక్‌లో గడిపి వచ్చిన మనిషి ముందు ఆ మాట ఇంత తేలిగ్గా అనగలనా అంటే, అనలేను.

2025 ఆగస్టు తీర్పులో పరిపాలనా కోర్టు దాదాపు ఈ రెండు మాటలూ అంది. ఇతనొచ్చి ఏదో మాట్లాడినంత మాత్రాన దేశ భద్రత దెబ్బతినేంత అమాయకంగా కొరియా ప్రజలు లేరంది. అలాగని అతను చేసింది సరైన పనేనని అంటున్నామనుకోవద్దని కూడా గట్టిగా చెప్పింది. అదే రోజు ఇంకో పిటిషన్‌ను విచారణకే తీసుకోకుండా పక్కన పెట్టింది: 2002 నాటి ప్రవేశ నిషేధమే చెల్లదని ప్రకటించమని యూ అడిగినది. అంటే ఎఫ్-4 వీసా చేతికొచ్చినా ఇంచన్‌లోని ఇమిగ్రేషన్ కంప్యూటర్‌లో అతని పేరు ఎర్రగానే ఉంటుంది, దాన్ని తీసేయాల్సింది న్యాయశాఖ. వీసా తీర్పు మీద కాన్సులేట్ సెప్టెంబరులో అప్పీలుకు వెళ్లింది.